అంతఃప్రజనన చుంచెలుకలు - సంక్లిష్ట లక్షణాల జన్యు పటం

ఒకే జన్యువు వలన కాక, అనేక జన్యువులు, పరిసరాలు కలిసి నిర్ణయించే లక్షణాలను సంక్లిష్ట లక్షణాలు అంటారు. శరీరపు బరువు, రక్తపోటు, మధుమేహానికి లోనయ్యే స్వభావం ఇందుకు ఉదాహరణలు. ఇట్టి లక్షణాలకు కారణమైన జన్యువులు ఏ క్రోమోజోము మీద, ఏ భాగంలో ఉన్నాయో కనుగొనడాన్ని జన్యు పట నిర్మాణం అంటారు. ఈ పనికి చుంచెలుకల అంతఃప్రజనన వంశాలు ఎంతగానో తోడ్పడ్డాయి.

సమస్య

మెండెల్ పరిశీలించిన బఠాణీ మొక్కలు పొడవుగానో పొట్టిగానో ఉండేవి. మధ్య రకం లేదు. సంక్లిష్ట లక్షణాలలో ఇట్టి స్పష్టమైన విభజన కనిపించదు. మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో ఒకే చేనులో, ఒకే ఎరువుతో పెరిగిన మిరప మొక్కలు కూడా సమానంగా కాయవు. ఆ తేడాలో విత్తనం పాలు ఎంత, నేల పాలు ఎంత అన్నది చూపుతో తేలదు. మనుషుల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. తిండి, పని, అలవాట్లు ఇంటింటికీ మారుతాయి. తరానికి పాతికేళ్ళు పడుతుంది.

అంతఃప్రజనన వంశాలు

అన్నాచెల్లెళ్ళయిన చుంచెలుకలను వరుసగా 20 తరాలు జతకట్టిస్తే, ప్రతి జన్యువుకూ ఉండే రెండు ప్రతులు దాదాపు అంతటా ఒకటే అవుతాయి. అప్పుడు ఆ వంశంలోని ఎలుకలన్నీ కవల పిల్లల వలె ఉంటాయి. వాటి మధ్య కనిపించే తేడా ప్రధానంగా పరిసరాల వలన వచ్చినదే. వేర్వేరు వంశాలను ఒకే విధంగా పెంచినప్పుడు వాటి మధ్య నిలకడగా కనిపించే తేడా జన్యువుల వలన వచ్చినది. క్లారెన్స్ కుక్ లిటిల్ 1909లో డిబిఎ వంశాన్ని ప్రారంభించాడు. ఈయన 1929లో అమెరికాలో జాక్సన్ ప్రయోగశాలను స్థాపించాడు. 2002లో తొలిసారి ప్రకటింపబడిన చుంచెలుక జన్యు క్రమం సి57బిఎల్/6 వంశానిది.

పద్ధతి

1. బరువైన వంశాన్ని, తేలిక వంశాన్ని సంకరం చేస్తారు. మొదటి తరం పిల్లలన్నీ జన్యుపరంగా ఒకే తీరున ఉంటాయి.
2. ఆ పిల్లలను తమలో తాము జతకట్టిస్తారు. బీజకణాలు ఏర్పడేటప్పుడు క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి కనుక, రెండవ తరంలో ప్రతి ఎలుకకూ వేరు మిశ్రమం వస్తుంది.
3. ప్రతి ఎలుకనూ తూచి, దాని డిఎన్ఎలో గుర్తులను పరీక్షిస్తారు. గుర్తు అంటే రెండు వంశాల మధ్య తేడా ఉన్న, స్థానం తెలిసిన చోటు.
4. ఒక గుర్తు దగ్గర బరువైన వంశపు ప్రతులు ఉన్న ఎలుకల సగటు బరువు, తేలిక వంశపు ప్రతులు ఉన్న వాటి సగటు కంటే స్పష్టంగా ఎక్కువైతే, బరువును ప్రభావితం చేసే జన్యువు ఆ గుర్తుకు సమీపంలో ఉన్నదని అర్థం.

దగ్గరగా ఉన్న గుర్తు, జన్యువు అరుదుగా విడిపోతాయి. దూరంగా ఉన్నవి తరచుగా విడిపోతాయి. ఈ సూత్రమే పటానికి కొలబద్ద. రెండు గుర్తుల నడుమ ఉన్న చోటును కూడా గణించే విధానాన్ని 1989లో లాండర్, బోట్‌స్టీన్ వివరించారు.

హైదరాబాదు ఎలుకలు

1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థలో విస్టార్ ఎలుకల అంతఃప్రజనన వంశం ఉన్నది. (ఇవి చుంచెలుకలు కావు, పెద్ద ఎలుకలు.) ఈ వంశంలో తనంతట తానుగా పుట్టిన స్థూలకాయపు ఎలుకలను గూర్చి 1996లో ప్రకటించారు. వీటికి డబ్ల్యుఎన్ఐఎన్/ఓబి అని పేరు. వీటి రక్తంలో ఆకలిని అణచే లెప్టిన్ ఎక్కువగానే ఉంటుంది, కాని శరీరం దానికి స్పందించదు. ఇవి సంతానాన్ని కనలేవు కనుక, మార్పు చెందిన జన్యువు ఒకే ప్రతిగా గల ఎలుకల ద్వారా వంశాన్ని నిలుపుతారు.

1994లో లెప్టిన్ జన్యువును కనుగొన్న బృందానికి నాయకుడైన జెఫ్రీ ఫ్రీడ్‌మన్‌తో కలిసి ఈ సంస్థ శాస్త్రవేత్తలు 2013లో ఆ మార్పు స్థానాన్ని ప్రకటించారు. అది 5వ క్రోమోజోము మీద, లెప్టిన్ గ్రాహక జన్యువుకు ఎగువన ఉన్నది. ఇది ఒకే జన్యువు వలన కలిగిన స్థూలకాయం కనుక పటం గీయడం కొంత తేలిక. సాధారణ స్థూలకాయంలో చిన్న చిన్న ప్రభావాలు గల జన్యువులు అనేకం ఉంటాయి; అప్పుడు వందల కొలది ఎలుకలు అవసరమవుతాయి.

పంటలలో ఉపయోగం

డిఎన్ఎ గుర్తులు పంటలకూ మేలు చేశాయి. సాంబ మసూరి వరికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బెడద. తెగులును తట్టుకొనే మూడు జన్యువులను గుర్తుల సాయంతో ఎంపిక చేస్తూ హైదరాబాదులోని సిసిఎంబి, వరి పరిశోధన సంస్థ కలిసి మెరుగైన సాంబ మసూరిని రూపొందించాయి. ఇది 2008లో విడుదలైనది. జనగామ వంటి వరి పండించే జిల్లాల విద్యార్థులకు ఇది కంటి ముందటి ఉదాహరణ.

పరిమితులు

రెండవ తరం సంకరంలో దొరికేది జన్యువు కాదు, వందల జన్యువులు ఉండగల ఒక విస్తృత భాగం. వీధి తెలిసినా ఇల్లు తెలియనట్లే. ఇంకా తరాలు పెంచితే ముక్కలు చిన్నవై, వెతకవలసిన చోటు తగ్గుతుంది. పైగా రెండు వంశాలలోనూ ఒకే రూపంలో ఉన్న జన్యువు ఆ సంకరంలో బయటపడదు. ఎలుకలో దొరికిన జన్యువు మనిషిలోనూ అదే పని చేస్తుందని ముందుగా అనుకోరాదు. మానవులలో విడిగా నిర్ధారించుకోవాలి.