బొంతయు, పడకకుర్చీయు

విద్యార్థి వ్రాసిన వ్యాసమున పొందిక లేకున్నచో ఉపాధ్యాయుడు దాని అంచున "అతుకుల బొంత" అని ఎఱ్ఱసిరాతో వ్రాయుట కలదు. తెలుగున ఈ మాట నిందగానే స్థిరపడినది. కాని దానిని మొదట నిందగా వాడినవారు ఎన్నడును బొంత కుట్టియుండరని నా అనుమానము. ఒక్కసారి కుట్టిన వారికి అందు ఎంత పొందిక కావలయునో తెలియును.

మన పల్లెలలో బొంత కుట్టు విధమును చూడుడు. కట్టికట్టి మెత్తబడిన నూలుచీరలు నాలుగైదు తీసికొని, గంజి పోవునట్లు ఉతికి ఆరవేయుదురు. చిరుగులున్న భాగము లోపలికిని, గట్టిగా నున్న భాగము పైకిని వచ్చునట్లు నేలపై ఒకదానిమీద నొకటి పరచి, ముడుతలు అరచేతితో సవరించి, మూలలయందు బరువులు పెట్టుదురు. పిమ్మట అంచున మొదలుపెట్టి నడిమికి చేరునట్లు సాదాకుట్టు వరుసలు వేసికొనుచు వత్తురు. వరుసకును వరుసకును నడుమ ఎడము బొటనవ్రేలి వెడల్పును మించరాదు. మించినచో నాలుగు ఉతుకులకే లోపలి పొర జారి ఉండ కట్టును. ఆ కుట్టు వేసినది అందమునకు కాదు, పొరలను పట్టియుంచుటకు. అందము దాని వెంట తానుగా వచ్చినది. ఇక వెచ్చదన మెక్కడిదందురా? పొరల నడుమ చిక్కుకొన్న గాలిది. చలికాలపు రాత్రి బొంత చేయు పని పదార్థవిజ్ఞాన శాస్త్రమున ఒక పాఠమునకు చాలును.

వంగదేశమున దీని అక్కచెల్లెలిని కాంథా అందురు, బీహారున సుజని. ఉత్తర కన్నడ ప్రాంతమున సిద్దీ స్త్రీలు ముదురురంగుల ముక్కలతో కవుదులు కుట్టుదురు. జపాను దేశపు బీదరైతులు మాసికపై మాసిక వేసికొన్న బోరో వస్త్రములు నేడు అద్దాల పెట్టెలలో ప్రదర్శనకు పెట్టబడుచున్నవి. కాంథాకు విపణి దొరకినది, పుస్తకములు వచ్చినవి. మన బొంత మాత్రము ఇంకను అటకమీదనే యున్నది. ఇంటికి ఎవరైన వచ్చినచో దానిని మడిచి దాచి, అంగడిలో కొన్న దుప్పటి పరచుట మన మర్యాద!

ఇల్లు అలంకరించుట యనగా క్రొత్తవి కొనుట యని నేడు చాలమంది తలంపు. నేను చెప్పదలచినది దీనికి ఎదురైనది. ఉన్నదానిని విప్పి, చూచి, బాగుచేసి, మరల నిలబెట్టిన దానిలో ఒక తెలివి కలదు. ఆ తెలివి చేతులలో నుండునది. చేతుల నుండి చేతులకే పోవునది. నడుమ ఒక్క తరము చేతులు ముడుచుకొన్నచో అది తెగిపోవును.

హైదరాబాదున ఈ విద్యకు కావలసిన సరంజామా యంతయు మొజంజాహీ మార్కెట్టు గడియారస్తంభము చుట్టు కాలినడక దూరమున దొరకును. ఒకవంక ఆబిడ్స్ బట్టల అంగళ్ళు. ఒకవంక మేకులు, మరలు, బందులు, పిడులు అమ్ము ట్రూప్ బజారు. ఒకవంక టోకు బేరములకు బేగంబజారు. గోషామహలు వైపు కలప అడితీలు. ఇంకొంచెము నడిచినచో జుమేరాత్ బజారు. పేరునకు గురువారపు సంత, ప్రసిద్ధి పాతసామానునకు. సూది మొదలు దూలము వరకు దొరకని దుండదు. కొనువాని చేతిలో పని యుండవలె నంతే.

ఆ మార్కెట్టు భవనమే ఒక పాఠము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండవ కుమారుడు మొజంజా పేరిట 1935లో నల్లరాతితో కట్టిన దది. అందలి పండ్ల వర్తకము 1980ల దశకమున గడ్డిఅన్నారమునకు తరలిపోయినది. తరువాత రాతిపై పొగచూరినది, కప్పులు కారినవి, తీగలును, పలకలును కమానులను కప్పివేసినవి. కూలద్రోసి వేరొకటి కట్టుదమను ఆలోచన మన నగరములలో అరుదు కాదు. ఇక్కడ అట్లు జరుగలేదు. 2018లో మొదలుపెట్టి, మసి తొలగించి, కారు కప్పులు బాగుచేసి, అడ్డుగా నున్నవి తీసివేసి, 2020 ఆగస్టున మరల తెరచిరి. కొత్తగా అతికించిన శోభ తక్కువ. అడ్డు తీయగా బయటపడిన శోభయే ఎక్కువ. పాతకుర్చీకి చేయవలసిన వైద్యమును సరిగా ఇదియే.

ఆబిడ్స్ పేరు వెనుక ఇందుకు భిన్నమైన కథ కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువున దుస్తుల సంగతులు చూచుకొనిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియా యూదుడు ఇక్కడ అంగడి పెట్టెను. ఆ అంగడి పేరే పేటకు నిలిచెను. ఆ ప్రభువు ఒకమారు తొడిగిన దుస్తులు మరల తొడుగడని జనులు చెప్పుకొందురు. అది ఎంతవరకు నిజమో గాని, పురానీ హవేలీలో ఆయన దుస్తుల బీరువా నేటికిని నిలిచియున్నది. దాని పొడవు సుమారు 176 అడుగులు. చేసినది బర్మా టేకుతో. దుస్తులు ఎక్కడికి పోయినవో ఎవరికి తెలియును? కొయ్య మాత్రము చెక్కుచెదరలేదు.

టేకు అట్లే నిలుచును. దాని యందు సహజముగా నున్న నూనె చెదపురుగును, తడిని చాలవరకు దూరముగ నుంచును. జిట్రేగియు గట్టిదే. తాతలనాటి కుర్చీ యొకటి ఊగుచున్నదనిన దాని ఆయువు తీరెనని కాదు. అతుకున బంక ఎండెనని మాత్రమే. కాలి చివర పలకలోని తొఱ్ఱలోనికి దిగి కూర్చుండును గనుక దానిని ఊడదీసి, పాత బంక గీకి, క్రొత్త బంక రాచి, త్రాటితో బిగించి ఒక దినము కదలనీయకున్నచో మరల ఒక తరము నిలుచును. నేడు చౌకగా దొరకు బల్లల సంగతి వేరు. అవి రంపపుపొట్టును బంకతో అదిమి చేసిన పలకలు. తడి తగిలినచో ఉబ్బును. ఒకమారు ఊడిన మర రెండవమారు అదే రంధ్రమున పట్టదు. అట్టి దానిని బాగుచేయు వడ్రంగి లేడు. అందుచేత బాగుచేయు వడ్రంగులే తగ్గిపోవుచున్నారు. ఈ నష్టము బల్ల వెలలో కనబడదు.

పాతకొయ్యకు మెరుగు పెట్టుట బడిపిల్లలును నేర్వదగిన పని. ముందు దాని ఒంటిమీద ఉన్నదేమో తెలిసికొనవలయును. కంటబడని చోట స్పిరిటులో ముంచిన దూదితో రుద్దుడు. పూత మెత్తబడి దూదికి అంటినచో అది చపడా, అనగా లక్కపురుగు ఇచ్చిన లక్క నుండి తీసినది. అట్టి పూతను స్పిరిటుతోనే తుడిచివేయవచ్చును. పిమ్మట ఉప్పుకాగితముతో, కొయ్య గీతల వెంబడియే, మొదట గరుకుదియు తరువాత నున్ననిదియు రుద్దవలయును. గీతలకు అడ్డముగా రుద్దిన గాటు మెరుగు పెట్టిన తరువాతనే వెక్కిరించుచు పైకి తేలును. బీటలలో అదే కొయ్య పొట్టును బంకలో కలిపి లప్పముగా నింపిన రంగు కలిసిపోవును. చివరకు చపడాను స్పిరిటులో కరగించి, దూదిని పాత మెత్తని గుడ్డలో చుట్టి, పలుచగా పూత వెంట పూత వేయవలయును. ఒక్క దట్టపు పూత కంటె పది పలుచని పూతలు మేలు. వానకాలమున ఈ పని పెట్టుకొనవద్దు. గాలిలోని తడికి చపడా తెల్లబారును. నాంపల్లిలో నుమాయిష్ జరుగు జనవరి మాసము దీనికి తగిన అదను.

రెండు హెచ్చరికలు. స్పిరిటు ఇట్టే అంటుకొనును గనుక పొయ్యి, దీపము దగ్గర లేకుండ, కిటికీలు తెరచి పనిచేయవలయును. రెండవది పాతరంగుల సంగతి. ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను నిబంధన మనదేశమున 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగుపూతలను పిల్లలచేత పొడిగా గీకింపరాదు. ఆ దుమ్ము విషము.

సూదియు, కొయ్యయు కలిసికొను చోటు పడకకుర్చీ. మన వసారాలలో ఎందరో తాతగార్లు పత్రిక చదివినది, నిద్రపోయినది దానిమీదనే. కొయ్యచట్రము వంద యేండ్లు నిలుచును. గుడ్డ మాత్రము ఏడెనిమిది యేండ్లకే చినుగును. గుడ్డ చిరిగినదని కుర్చీని పాతసామాను వానికి తూచి యిచ్చినవారు నాకు తెలియును. కొత్త గుడ్డ కుట్టుట ఒక పూట పని. చిరిగిన గుడ్డనే కొలతగా పెట్టుకొనవలయును. కాని అది యేండ్ల తరబడి బరువునకు సాగియుండును గనుక, పొడవున నాలుగు వ్రేళ్ళు తగ్గించి కత్తిరించుట మంచిది. లేనిచో కూర్చున్నవాడు నేలను తాకును! గట్టి కాన్వాసు గాని, రెండుపొరల దట్టపు ఖద్దరు గాని వాడవచ్చును. ప్రక్కల అంచులు రెండుమారులు మడిచి కుట్టవలయును. రెండు చివరల గొట్టమువలె మడత పెట్టుదురు. కొయ్యకడ్డీలు దూరు చోటది. కూర్చున్నవాని బరువంతయు ఆ రెండు కుట్లపైననే వ్రేలాడును. అందుచేత అక్కడ ఒక వరుస చాలదు. దగ్గరదగ్గరగా మూడు వరుసలు వలయును. యంత్రమున కుట్టువారు లావుసూది ఎక్కింపవలెను. చేతితో కుట్టువారు దబ్బనము పట్టి, ప్రతి కుట్టునకు ఒకడుగు వెనుకకు వేసి రెండడుగులు ముందుకు వచ్చునట్లు కుట్టవలయును. అట్టి కుట్టున ఒకచోట దారము తెగినను మిగిలినది నిలుచును. అంగుస్తానా లేకుండ కాన్వాసుపై దబ్బనము నడుపబూనినవారికి వ్రేలే గురువై పాఠము చెప్పును.

ఈ పనిని ఆడపిల్లల పని యనుట వింతగా నుండును. ఆబిడ్స్, నాంపల్లి సందులలో జీతమునకో, కూలికో మిషను త్రొక్కువారిని లెక్కపెట్టి చూడుడు, మగవారే హెచ్చు. డబ్బు వచ్చు కుట్టు మగవారిది, రాని కుట్టు ఆడువారిది యైనది. డబ్బు వచ్చిన చోటను స్త్రీ కుట్టు లెక్కలోనికి రాలేదనుటకు నర్సాపురమే సాక్షి. పశ్చిమ గోదావరి జిల్లా యందలి ఆ ప్రాంతమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక పందొమ్మిదవ శతాబ్దము నుండి సాగుచున్నది. ఆ బల్లగుడ్డలు, తెరలు సముద్రములు దాటి పరదేశపు ఇండ్లకు అలంకారములైనవి. మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు 1982లో వెలువరించిన గ్రంథమున చూపినదేమనగా, దినమునకు గంటల తరబడి అల్లు ఆ స్త్రీలను శ్రామికులనక గృహిణులనిరి. వారి పనిని తీరికవేళ కాలక్షేపమనిరి. లాభము వర్తకులకు చేరెను. 2024లో నర్సాపురపు అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషము. ఆ గుర్తింపు అల్లిన చేతికి కూలిగా మారినదా యని అడుగువారు కూడ ఉండవలయును.

ఇక పాఠశాలలు. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభ చేతిపని కేంద్రముగా చదువు సాగవలెనని తలచినది. ఆ ప్రణాళికను రచించిన సంఘమునకు అధ్యక్షుడు జాకీర్ హుసేన్. పుట్టినది 1897లో ఈ హైదరాబాదుననే. తరువాత 1964-66 నాటి కొఠారి సంఘము పని అనుభవము కావలెననినది. 1977లో ఈశ్వరభాయి పటేలు సంఘము సమాజోపయోగకరమైన ఉత్పాదక శ్రమ యనినది. పేర్లు మారినవి. పరీక్షలు దగ్గరపడినప్పుడు ఆ పీరియడును గణితమునకో, ఆంగ్లమునకో అప్పగించు ఆచారము మాత్రము మారలేదు. ఇది ఉపాధ్యాయులు ఎఱుగని సంగతి కాదు. మార్కులు లేని విద్యకు గంట కేటాయించు ప్రధానోపాధ్యాయునికి ధైర్యము కావలయును.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిది వరకు తరగతుల వారికి పుస్తకాల సంచి లేని పది దినములు చెప్పినది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మొదలైన స్థానిక పనివారి వద్ద పిల్లలు పని నేర్చుకొనవలెనని అందు స్పష్టముగనే యున్నది. నగరమున ఆ పది దినములు చాలచోట్ల జంతుప్రదర్శనశాలకు వినోదయాత్రగా ముగియు ప్రమాదము కలదు. మొజంజాహీ మార్కెట్టు చుట్టు నున్న పాఠశాలలకు అంత దూరమేల? అడితిలో కొయ్య గీతలు చదువుట ఒక దినము. వడ్రంగి వద్ద అతుకు విప్పి బిగించుట రెండు దినములు. దర్జీ ప్రక్కన కూర్చుండి మిషను సూది యెక్కించుట ఒక దినము. వడ్రంగికి ఆ దినముల కూలి పాఠశాల ఇయ్యవలయును. గురువును ఉచితముగ వాడుకొనుట చదువు కాదు. మిగిలిన దినములలో తరగతికి ఒకటి చొప్పున విరిగిన కుర్చీ బాగుచేసినను చాలును. ప్రతి పాఠశాల యందును విరిగిన బల్లలతో నిండిన గది ఒకటి తాళము వేసి యుండును గదా!

మొదటిదినమే దబ్బనము పట్టించ నక్కరలేదు. పాతపంచ చింపి దిండు గలీబు కుట్టించిన చాలును. నాలుగు వైపుల తిన్నని కుట్టు, ఒకవైపు మడత, అంతే. మగపిల్లవాడైనను, ఆడపిల్లయైనను రెండు గంటలలో ముగింపగలరు. ఆ రాత్రి దానిపై తల పెట్టుకొని పరుండవచ్చును. పడకకుర్చీ కుట్టు నాటికి కాన్వాసు మూర మిగులును. దానిని పారవేయవద్దు. అడ్డముగా రెండు మడతలు పెట్టి ప్రక్కలు కుట్టినచో దబ్బనము, అంగుస్తానా, ఉప్పుకాగితము పెట్టుకొను సంచి యగును. మూతికి నాడా కావలసి వచ్చినచో బొంతలోనికి పోగా మిగిలిన చీర అంచు ఉన్నది.