చేను మీది.. పంది సర్కారుది!

వెలుగోడు దాటి నల్లమల వైపు వెళ్తే చేలు ఎక్కడ ఆగి అడవి ఎక్కడ మొదలవుతుందో మనకు తెలుస్తుంది. అడవిపందికి తెలీదు! రాత్రి గుంపు దిగిందంటే తెల్లారేసరికి మొక్కజొన్న చేను చాప పరిచినట్టే.

‘నా పొలం, నా ఇష్టం.. వేటగాణ్ని పిలిపిస్తా’ అంటే కుదరదు. బ్రిటన్‌లో అయితే పొలం యజమాని సరేనంటే వేట, వద్దంటే బంద్. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ముందు పట్టాదారు మాట చెల్లదు. పంటకు ముప్పని తేలితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన ఆఫీసర్ గానీ కారణాలు రాసి మరీ అనుమతి ఇవ్వాలి. చచ్చిన పంది కూడా సర్కారు ఆస్తే. కూర వండుకుంటే కేసే!

పోనీ, వచ్చిన అనుమతైనా నిలుస్తుందా? కేంద్రం 2015లో బిహార్‌లో, 2016లో ఉత్తరాఖండ్‌లో కొన్ని జిల్లాల అడవిపందుల్ని హానికర జంతువులుగా ప్రకటించింది. గడువు ఏడాదే. కేరళ 2022లో అనుమతిచ్చే అధికారం పంచాయతీ అధ్యక్షులకే అప్పగించింది. కాల్చేది మాత్రం లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లే. రైతుకు ఇదే నయం. పంది ఈ రాత్రే వస్తుంది, ఫైలు ఎప్పటికొస్తుందో ఎవరికెరుక?

విసిగిపోయి కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. చట్టం లెక్కలో అదీ వేటే. పక్కనే నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ ఉంది. చీకట్లో ఆ తీగకు తగిలేది పందే కావచ్చు, పులి కావచ్చు, నీళ్లు కట్టడానికొచ్చిన పక్క చేని రైతూ కావచ్చు.