పాత భారీ యంత్రాల ఇంజన్లకు తగిన కూలెంట్‌ను ఎంచుకోవడం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- ఇంజన్‌లో కూలెంట్ చేసే పనులను వివరించగలుగుతారు.
- వెట్ లైనర్ ఇంజన్లకు ప్రత్యేక రక్షణ ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.
- కూలెంట్ రకాల తేడాలు గుర్తించి, పాత ఇంజన్‌కు సరిపడేదాన్ని ఎంచుకోగలుగుతారు.
- లీకు వల్ల కూలెంట్ ఎంత పలచబడుతుందో లెక్కించగలుగుతారు.

1. పరిచయం

మన ప్రాంతంలో నీరు గడ్డకట్టేంత చలి ఉండదు. అందువల్ల పాత డోజర్‌కో, లోడర్‌కో రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే చాలునని చాలామంది అనుకుంటారు. గడ్డకట్టకుండా కాపాడటం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. ఇంజన్ వేడిని రేడియేటర్‌కు చేర్చడం, మరిగే స్థానాన్ని పెంచడం, లోహాలను తుప్పు నుంచి కాపాడటం కూడా దాని పనులే. మన వాతావరణంలో ముఖ్యమైనవి ఈ మూడే. వీటిని పట్టించుకోకపోతే ఇంజన్ మొత్తం విప్పి బాగుచేయించవలసి రావచ్చు. ఒకే యంత్రం మీద బతికే యజమానికి అది మోయలేని ఖర్చు.

2. లైనర్‌కు చిల్లు ఎలా పడుతుంది?

భారీ డీజిల్ ఇంజన్లలో చాలావాటికి వెట్ లైనర్లు ఉంటాయి. అంటే పిస్టన్ కదిలే గొట్టం వెలుపలి గోడను కూలెంట్ నేరుగా తాకుతుంది. 14 లీటర్ల, ఆరు సిలిండర్ల కమ్మిన్స్ ఎన్‌టి-855 ఇందుకు మంచి ఉదాహరణ.

ఇంధనం మండిన ప్రతిసారీ పిస్టన్ లైనర్‌ను పక్కకు తాకుతుంది. ఆ దెబ్బకు లైనర్ గోడ కంపిస్తుంది. గోడ వెనక్కి జరిగినప్పుడు దానిని ఆనుకున్న ద్రవంలో పీడనం పడిపోయి సూక్ష్మమైన ఆవిరి బుడగలు పుడతాయి. గోడ తిరిగి ముందుకు రాగానే అవి పగిలిపోతాయి. ఆ పగిలే ధాటికి లోహం కొద్దికొద్దిగా ఊడిపోయి గుంటలు పడతాయి. దీనినే కావిటేషన్ అంటారు. గుంటలు లోతై చిల్లుగా మారితే కూలెంట్ సిలిండర్‌లోకి, ఇంజన్ ఆయిల్‌లోకి చేరుతుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు మారిందంటే కూలెంట్ లేదా నీరు కలిసిందని అనుమానించాలి.

నైట్రైట్ వంటి రసాయనాలు లైనర్ ఉపరితలంపై పలుచని రక్షణ పొరను ఏర్పరుస్తాయి. బుడగల దెబ్బను ముందు ఆ పొర భరిస్తుంది. పొర దెబ్బతిన్నచోట ద్రవంలోని నైట్రైట్ దానిని మళ్లీ ఏర్పరుస్తుంది. అందుకే అది క్రమంగా ఖర్చవుతుంది.

3. కూలెంట్ రకాలు

(అ) సంప్రదాయ కూలెంట్: ఇందులో సిలికేట్, ఫాస్ఫేట్ వంటి అకర్బన లవణాలు ఉంటాయి. ఇవి త్వరగా పనిచేస్తాయి, త్వరగానే ఖర్చవుతాయి. సాధారణంగా రెండేళ్లకు ఒకసారి మార్చాలి. భారీ డీజిల్ ఇంజన్‌లో వాడేటప్పుడు నైట్రైట్ ఉన్న అదనపు సంకలనాన్ని కలపవలసి రావచ్చు.

(ఆ) సేంద్రియ ఆమ్ల కూలెంట్: ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే ఈ రకంలోని కొన్ని కూలెంట్లు సీసపు టంకంతో అతికిన పాత రాగి-ఇత్తడి రేడియేటర్లకు, పాతకాలపు సీళ్లకు సరిపడవు.

(ఇ) మిశ్రమ కూలెంట్: పై రెండింటి లక్షణాలనూ కలిపి తయారుచేస్తారు.

రంగును బట్టి రకాన్ని నిర్ణయించకండి. రంగు కేవలం కలిపిన అద్దకం. ఒకే పచ్చరంగులో రెండు వేర్వేరు రకాలు దొరుకుతాయి. డబ్బాపై ముద్రించిన ప్రమాణాన్ని చదవండి. ఏఎస్‌టీఎం డి 6210 భారీ ఇంజన్ల కోసం పూర్తిగా సిద్ధం చేసిన కూలెంట్లకు వర్తిస్తుంది. డి 4985 రకానికి మొదట్లోనే అదనపు సంకలనం కలపాలి. డి 3306 కార్ల వంటి తేలిక వాహనాలకు ఉద్దేశించినది. కార్ల కూలెంట్‌లో సిలికేట్ ఎక్కువగా ఉంటే, దానికి అదనపు సంకలనం తోడైనప్పుడు జిగురు ముద్దలు ఏర్పడి రేడియేటర్ గొట్టాలు పూడుకుపోవచ్చు.

4. ఎంపికలో పాటించవలసిన క్రమం

ముందుగా తయారీదారు మాన్యువల్ చూడండి. ఇంజన్‌కు వెట్ లైనర్లు ఉన్నాయా, రేడియేటర్ రాగి-ఇత్తడిదా, అల్యూమినియందా అనేది తెలుసుకోండి. వెట్ లైనర్లు, టంకం వేసిన రేడియేటర్ రెండూ ఉంటే, నైట్రైట్ ఉన్న భారీ ఇంజన్ల సంప్రదాయ కూలెంట్ సాధారణంగా సురక్షితమైన ఎంపిక.

కొన్ని పాత ఇంజన్లకు ఆయిల్ ఫిల్టర్‌ను పోలిన కూలెంట్ ఫిల్టర్ ఉంటుంది. దానిలోనే సంకలనం నింపి ఉండవచ్చు. అలాంటి ఫిల్టర్ ఉండగా డబ్బాతో కూడా సంకలనం పోస్తే మోతాదు మించుతుంది. రకం మార్చదలిస్తే పాత కూలెంట్‌ను పూర్తిగా తీసి, వ్యవస్థను కడిగిన తరువాతే కొత్తది నింపాలి.

5. నీరు, పాళ్లు

బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి గోడలపై గారలా పేరుకుంటాయి. గార వేడిని బయటకు పోనివ్వదు. కాబట్టి డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సమపాళ్లలో కలిపితే, సాధారణ వాతావరణ పీడనం వద్ద మిశ్రమం సుమారు 108 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. పీడన మూత ఈ స్థానాన్ని మరింత పెంచుతుంది. అలాగని గ్లైకాల్ ఎక్కువైతే మేలు జరగదు. అది నీటికంటే తక్కువ వేడిని మోస్తుంది.

6. లీకు లెక్క

20 లీటర్ల వ్యవస్థలో 50 శాతం గ్లైకాల్, 1500 పీపీఎం నైట్రైట్ ఉన్నాయనుకుందాం. ప్రతిసారీ 2 లీటర్లు కారిపోతే, అంత నీరు పోశారు. ఒక్కోసారికి పదో వంతు తగ్గుతుంది.

మొదటిసారి: గ్లైకాల్ 45 శాతం, నైట్రైట్ 1350 పీపీఎం
ఐదోసారి: గ్లైకాల్ 29.5 శాతం, నైట్రైట్ 886 పీపీఎం
ఏడోసారి: గ్లైకాల్ 23.9 శాతం, నైట్రైట్ 717 పీపీఎం

నైట్రైట్ 800 పీపీఎం కంటే తగ్గకూడదని సాధారణంగా సూచిస్తారు. అంటే, రేడియేటర్ నిండుగా కనిపిస్తున్నా ఏడోసారికి లైనర్‌కు రక్షణ చాలదు. పరీక్ష పట్టీతో దీనిని నిమిషాల్లో తెలుసుకోవచ్చు. కనుక లీకును ముందు ఆపండి. తక్కువైన మేరకు అదే రకం, అదే పాళ్ల మిశ్రమం పోయండి.

జాగ్రత్త: ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయవద్దు. ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలకు, పశువులకు అందేలా ఉంచకండి, కాలువల్లో పారబోయకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కావిటేషన్ వల్ల లైనర్‌కు గుంటలు ఎలా పడతాయి?
2. రంగును బట్టి కూలెంట్‌ను ఎందుకు ఎంచుకోకూడదు?
3. 40 లీటర్ల వ్యవస్థలో 50 శాతం గ్లైకాల్ ఉంది. 8 లీటర్లు కారిపోగా నీరు పోశారు. ఇప్పుడు గ్లైకాల్ ఎంత శాతం? (జవాబు: 40)

సారాంశం

పాత ఇంజన్‌కు కూలెంట్‌ను లైనర్, రేడియేటర్ లోహం, మాన్యువల్ ఆధారంగా ఎంచుకోవాలి. మంచి నీరు, సరైన పాళ్లు, క్రమం తప్పని పరీక్ష ఉంటేనే ఆ ఎంపిక ఫలిస్తుంది.