కూడదు, అక్కఱలేదు



బ్యాంకునుండియో, న్యాయస్థానమునుండియో యింగ్లీషు కాగితము వచ్చినపుడు మనవారు ‘నాట్’ అను మాటను జూచి యెల్లయెడల ‘వలదు’ అనియే యర్థము చెప్పుకొందురు. ఇది నష్టహేతువు.

‘మస్ట్’ అనఁగా విధి: ‘యూ మస్ట్ సైన్’ అనిన, మీరు చేవ్రాలు చేసితీరవలయును. ‘మస్ట్ నాట్’ అనఁగా నిషేధము: చేవ్రాలు చేయఁగూడదు. ‘నీడ్ నాట్’ అనఁగా విధి లేకుండుట: చేవ్రాలు చేయ నక్కఱలేదు, చేసినను దోషము లేదు.

మన యాచారమునందే యీ భేదము కలదు. ఏకాదశినాఁడు వ్రతస్థుఁ డన్నము తినఁగూడదు. పసిబిడ్డ యుపవసింప నక్కఱలేదు. మొదటిది నిషేధము, రెండవది మినహాయింపు.

మఱియొక సూక్ష్మము. ‘హావ్ టు’ అనునదియు ‘మస్ట్’ వలె విధినే తెలుపును. కాని ‘నాట్’ చేరినంతనే దారులు వేఱగును. ‘మస్ట్ నాట్’ అనుచోట నిషేధము క్రియకుఁ దగులును, విధి నిలిచియుండును. ‘డు నాట్ హావ్ టు’ అనుచోట విధియే తొలఁగిపోవును.

బంగారుపాళ్యము మామిడి మండీలో నొక రైతునకు ‘డు నాట్ హావ్ టు పే’ అని వ్రాసి యిచ్చిరనుకొనుఁడు. రుసుము చెల్లింపవలసిన పనిలేదని దాని భావము. అదే ‘మస్ట్ నాట్ పే’ యైనచో పైక మీయనే రాదు.

1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి యున్నత న్యాయస్థానపు వ్యవహారము నేఁటికి నింగ్లీషుననే సాగుచున్నది. కావున చేవ్రాలునకు ముందు కాగితమును చదువుకొన్న పిల్లలచేతఁ జదివించి, ‘కూడదా? అక్కఱలేదా?’ యని యడిగి తెలిసికొనుఁడు.