పడినా దెబ్బ తగలని రూట్ ఎంచుకోవడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో లీడ్ క్లైంబింగ్ గురించి మాట్లాడుకుందాం. లీడ్ అంటే తెలుసు కదా, తాడు పైనుంచి వేలాడదు. మనమే కింది నుంచి తీసుకెళ్తూ ఒక్కో బోల్ట్‌కి క్లిప్ చేసుకుంటూ పోవాలి.

కొత్తగా లీడ్ చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, తేలిక గ్రేడ్ అయితే సేఫే కదా?" కాదండీ. ఎక్కడం ఎంత కష్టమో మాత్రమే గ్రేడ్ చెప్తుంది. పడితే ఏమవుతుందో చెప్పదు.

తేలిక రూట్లు చాలావరకు వాలుగా ఉంటాయి, మధ్యలో గట్లు ఉంటాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న గ్రానైట్ బండలే చూడండి. వాలు బండ మీద జారితే గాల్లో పడం, రాయిని గీసుకుంటూ కిందికొస్తాం. మధ్యలో గట్టు తగిలితే చీలమండ విరగొచ్చు. అదే కొంచెం ముందుకు వంగిన గోడ అయితే, మన కింద గాలి తప్ప ఏమీ ఉండదు. బాదామిలోని ఎర్ర ఇసుకరాతి గోడల మీద బోల్టులు వేసిన ఇలాంటి రూట్లు ఉన్నాయి. అంటే కాస్త కష్టమైన రూటే పడటానికి మంచిది కావచ్చు!

ఇప్పుడు చిన్న లెక్క. రెండో బోల్ట్ 5 మీటర్ల ఎత్తులో ఉంది. మీ నడుము దగ్గరి ముడి 7 మీటర్ల దగ్గర ఉంది, అంటే బోల్ట్‌కి 2 మీటర్లు పైన. పడితే ముడి బోల్ట్‌కి 2 మీటర్లు కిందికి, అంటే 3 మీటర్లకి వస్తుంది. తాడు సాగడం, వదులు, బిలేయర్ పైకి లేవడం కలిపి ఇంకో 1.5 మీటర్లు అనుకోండి. కాళ్లు ముడికి దాదాపు 1 మీటర్ కింద ఉంటాయి. ఇక మిగిలింది అర మీటరే! ఇదే పడటం ఆరో బోల్ట్ దగ్గరైతే నేల చాలా దూరం. అందుకే మొదటి మూడు బోల్టులు తేలిగ్గా, దగ్గరదగ్గరగా ఉండి, కష్టమైన చోటు పైన ఉన్న రూట్ ఎంచుకోండి.

రూట్ కింద నిలబడి నేను చూసేవి ఇవి:

కష్టమైన చోట బోల్ట్ నడుము దగ్గరో, ఇంకా పైనో ఉందా?

క్లిప్ చేసే చోట పట్టు గట్టిగా ఉందా? తాడు పైకి లాగుతున్నప్పుడు పడితే ఆ లాగిన తాడంతా మన పడే దూరానికి కలుస్తుంది.

రూట్ పక్కకి పోతోందా? అప్పుడు పడితే ఊయలలా ఊగి మూలకి కొట్టుకోవచ్చు.

ఇంకొకటి. తాడు కాలి వెనక్కి రానివ్వకండి, పడితే తలకిందులవుతారు. హెల్మెట్ పెట్టుకోండి. బిలేయర్ తాడు మరీ బిగించి పట్టుకుంటే మనం గోడకి గట్టిగా గుద్దుకుంటాం. పైన జాగా ఉన్నప్పుడు చిన్నగా ఎగిరి మెత్తగా ఆపమని ముందే మాట్లాడుకోండి. నేలకి దగ్గరగా ఉన్నప్పుడు మాత్రం వదులు తక్కువ ఉండాలి.

పడతామన్న భయం పోతేనే కదలికల మీద ధ్యాస పెట్టగలం, అప్పుడే ఆట మెరుగవుతుంది. అందుకే ప్రతి బోల్ట్ దగ్గరా ఒక్కటే అడగండి: "ఇక్కడ పడితే నా కాళ్లు ఎక్కడ తగులుతాయి?" జవాబు "గాల్లో" అయితే గట్టిగా ప్రయత్నించండి. "గట్టు మీద" అయితే దిగి వచ్చేయండి. ఆ రాయి ఎక్కడికీ పోదు!