జపాను కొండలలో వేడినీటి సత్రములు

వేసవిలో ఎండలు ముదిరిన దినములలో రెంటచింతల పేరు వార్తలలో వినబడక మానదు. అట్టి పల్నాటివారితో, వేడినీటి మడుగులో కూర్చుండుటకై డబ్బు చెల్లించి కొండలెక్కి పోవు జనులు కలరని చెప్పినచో నవ్వు రావచ్చును. అయితే ఆ కొండలలో పలుచోట్ల శీతకాలమున నిలువెత్తు మంచు పేరుకొనును. పొలము పనులతో నడుములు పట్టిన రైతులు, కోత ముగిసిన పిమ్మట, బియ్యము మూట కట్టుకొని అచటి బుగ్గలకు పోయి వారముల తరబడి ఉండెడివారు. స్వయముగా వండుకొని తినుచు, దినమునకు పలుమారులు నీటిలో దిగుచు, ఒళ్ళునొప్పులు పోగొట్టుకొనెడివారు. అట్టి బసలు నేటికిని కొన్ని మిగిలియున్నవి.

జపాను భాషలో వేడినీటి బుగ్గను ఒన్‌సెన్ అనియు, పాతపద్ధతిని నడచు బసను ర్యోకాన్ అనియు అందురు. ర్యోకానును హోటలనుట సరికాదు. మన సత్రమనుటయు పూర్తిగా ఒప్పదు. సత్రము ధర్మార్థము, ఇది వ్యాపారము. పూర్వము మన ఊళ్ళలోనుండిన పూటకూళ్ళ ఇల్లే దీనికి దగ్గరి చుట్టము. పూటకూళ్ళమ్మ వలెనే అచటను ఇంటి యజమానురాలు ఎదురువచ్చి అతిథిని లోనికి కొనిపోవును. ఈ వృత్తి తరతరములుగా వచ్చుచుండును. యమనాషి మండలములోని నిషియామా బుగ్గ కడనున్న కేయున్‌కాన్ అను బస క్రీ.శ. 705లో మొదలైనదని ప్రసిద్ధి. మన పల్నాటి వీరుల కాలమునకు అప్పటికింకను నాలుగైదు వందల ఏండ్లు గడువవలసియున్నది!

నీరు కాగుట యెట్లు? భూమిలోనికి పోయిన కొలది వేడి హెచ్చును. సామాన్యముగా కిలోమీటరు లోతునకు 25 మొదలు 30 డిగ్రీల వరకు హెచ్చునని శాస్త్రజ్ఞుల లెక్క. వాననీరు రాతిబీటల వెంట దిగి, అడుగున కాగి, మరియొక బీట వెంట పైకి వచ్చిన చోట వేడిబుగ్గ పుట్టును. జపానులో నూటికి పైగా సజీవములైన అగ్నిపర్వతములున్నవి గనుక పెక్కుచోట్ల నీరు అంత లోతునకు పోనక్కరలేదు. మన తెలుగునాట అట్టి అగ్నిపర్వతములు లేవు. అయినను భద్రాచలమునకు చేరువనున్న గుండాల కడ గోదావరి యొడ్డున ఇసుకలో గుంట తీసినచో వేడినీరు ఊరును. పల్నాటి సున్నపురాతిలోను నీరు తన దారులు చేసికొన్నది. పిడుగురాళ్ళ దాపున గుత్తికొండ బిలములోని మడుగులు అట్టివే. కాని అది కాగిన నీరు కాదు. జపానులో 1948లో చేసిన చట్టము ప్రకారము, పుట్టుచోట 25 డిగ్రీల వేడియైనను ఉండవలెను, లేదా చట్టమున పేర్కొన్న 19 ద్రవ్యములలో ఒకటియైనను నియమిత పరిమాణమున కలసియుండవలెను. అప్పుడే దానికి ఒన్‌సెన్ అను పేరు చెల్లును.

అతిథి సామాన్యముగా మధ్యాహ్నము 3 గంటల తరువాత చేరును. గడప లోపలనే పాదరక్షలు విడువవలెను. గదిలో మంచము కానరాదు. నేలయంతయు తతామి అను దళసరి చాపలు పరచియుండును. తుంగవంటి ఒక గడ్డితో నేసిన ఆ చాప ఒక్కొక్కటి సుమారు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. గది కొలతను సయితము చాపలతోనే చెప్పుదురు: ఆరు చాపల గది, ఎనిమిది చాపల గది అని. సేవకురాలు మోకాళ్ళపై కూర్చుండి తేనీరును, చిన్న మిఠాయిని అందించును. ధరించుటకు యుకాతా అను నూలుబట్ట అంగీ ఉండును. దాని ఎడమ అంచు పైకి వచ్చునట్లు కట్టవలెను. కుడి అంచు పైకి వచ్చునట్లు శవమునకు మాత్రమే కట్టుదురు గనుక, తెలియక పొరబడిన పరదేశిని చూచి ఇంటివారు కంగారు పడుదురు.

ఇక స్నానము. మనవారు పొరబడునది ఇచటనే. మనకు స్నానమనగా పెరటిలో కాగు క్రింద మంటపెట్టి, తలంటుకొని, చెంబుతో నీరు పోసికొనుట. మురికి పోవుటయు, సేద తీరుటయు ఒకే పని. అచట అవి రెండు పనులు. మడుగు ప్రక్కన పొట్టి పీటలు, చిన్న బొక్కెనలు, సబ్బు ఉండును. పీటపై కూర్చుండి ఒళ్ళు రుద్దుకొని, నురుగు చుక్కయైనను మిగులకుండ కడుగుకొనిన పిదపనే మడుగులో అడుగిడవలెను. మడుగు ఒళ్ళు కడుగుకొను చోటు కాదు. చిన్న తుండుగుడ్డను సయితము నీటిలో ముంచరాదు. మడచి తలపై పెట్టుకొందురు. బట్ట కట్టుకొని దిగుట కూడదు. మన ధర్మశాస్త్రములు నగ్నస్నానము కూడదన్నవి గనుక మనవారికి తొలినాడు సిగ్గు తప్పదు. పూర్వము ఆడవారును మగవారును కలసియే మునుగుట కలదు గాని, ఇప్పుడు చాలచోట్ల వేరువేరు మడుగులు. నీటి వేడి 40, 42 డిగ్రీల ప్రాంతమున నుండును. పది నిమిషములకు మించి కూర్చుండక, నడుమ లేచి చల్లబడవలెను. గుండెజబ్బు కలవారు వైద్యునడిగి దిగుట మంచిది.

కొన్నిచోట్ల నీరు అంతకంటె చాల వేడిగా వచ్చును. గుమ్మా మండలములోని కుసత్సులో బుగ్గనీరు 50 డిగ్రీలు దాటియుండును. పైగా మిక్కిలి ఆమ్లము, గంధకపు వాసన. దానిలో చన్నీరు కలిపినచో గుణము తగ్గునని, ఆరడుగుల చెక్కలతో నీటిని కలియబెట్టుచు, పాటలు పాడుచు చల్లార్చెడివారు. నేడది చూడవచ్చినవారికి వినోదముగా సాగుచున్నది.

రాత్రి భోజనము చిన్నచిన్న గిన్నెలలో వరుసగా వచ్చును: ఉప్పు పట్టించి కాల్చిన ఏటి చేప, కొండకూరలు, సోయాపాల గడ్డ, ఊరగాయ, కడపట అన్నము. గోంగూరకు, కొరివికారమునకు అలవాటుపడిన నాలుకకు చప్పగానే తోచును. శాకాహారులు ముందుగానే చెప్పుకొనవలెను. చారునీళ్ళలో సయితము చేప రసముండును. భోజనానంతరము సేవకులు వచ్చి చాపలపై పరుపులు పరచి పోవుదురు.

ఒకే మడుగులో అధికారియు, కూలివాడును మెడవరకు మునిగి కూర్చుండుటను చూచినపుడు పల్నాటివారికి చాపకూడు గుర్తు రాక మానదు. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని మన వీరగాథలు చెప్పును. కారంపూడిలో ఏటేట జరుగు వీరుల ఉత్సవములో ఆ చాపకూడు నేటికిని సాగుచున్నది. కాని చాప పరచుట వేరు, అందరిని దానిపై కూర్చుండనిచ్చుట వేరు. మన పుణ్యక్షేత్రములలో కులమునకొక సత్రము లేచినది. జపానువారి నీటికిని అట్టి హద్దులు లేకపోలేదు.

క్యూషూ దీవిలో కురొకవా అను కొండపల్లె కలదు. అచటి బసలవారు 1986లో ఒక చక్కని యేర్పాటు చేసిరి. దేవదారు వంటి చెక్కతో చేసిన గుండ్రని బిళ్ళ ఒకటి కొన్నచో, ఆ పల్లెలోని మూడు బసల మడుగులలో స్నానము చేయవచ్చును. మడుగు లేని చిన్నబసల అతిథులకును దానివలన మేలు కలిగినది; పల్లె పేరు దేశమంతట ప్రాకినది. అదే పల్లెలో 2003లో ఒక హోటలు, కుష్ఠువ్యాధి పూర్తిగా నయమైన వృద్ధులకు గదులిచ్చుటకు నిరాకరించినది. వారు సమీపమునగల చికిత్సాలయవాసులు. వారిని నిర్బంధించిన చట్టము 1996లోనే రద్దయినది. 2001లో కుమమోతో న్యాయస్థానము ప్రభుత్వమునదే తప్పని తీర్పు చెప్పియుండెను. మండల ప్రభుత్వము హోటలు చేసిన పనిని బహిరంగముగా ఖండించెను. హోటలువారి క్షమాపణము మనఃపూర్వకము కాదని వృద్ధులు దానిని అంగీకరింపలేదు. అంతట వారిని నిందించుచు ఉత్తరములు వచ్చిపడినవి. నీటిలో వారు ప్రక్కన కూర్చుండుట తమకు ఇష్టము లేదని వ్రాసినవారును కలరు. 2004లో ఆ హోటలు మూతపడినది.

మరియొక నిషేధము మనవారికి నేరుగా తగులును. ఒంటిపై పచ్చబొట్టు ఉన్నవారిని చాలచోట్ల మడుగులోనికి రానీయరు. అచటి నేరగాండ్ర ముఠాలు ఒళ్ళంతయు పొడిపించుకొనుటయే దానికి కారణము. 2013లో న్యూజిలాండు మావోరీ స్త్రీ ఒకరిని, ఆమె ముఖముపై తన జాతి సంప్రదాయపు పచ్చబొట్టు ఉన్నదని, హొక్కైడోలో ఒక స్నానశాలవారు తిప్పిపంపిరి. ముంజేతిపై పచ్చబొట్టు గల మన ముసలమ్మలు పోయినచో ఏమందురో! ఇటీవల కొన్ని బసలు చిన్న పచ్చబొట్టును పట్టీతో కప్పుకొనిన అనుమతించుచున్నవి. గదికి చేర్చి సొంత మడుగు గల బసలును కలవు గాని వెల హెచ్చు.

మరునాటి ఉదయము, ఫలహారమునకు ముందే, మరల ఒకమారు నీటిలో దిగుట ఆచారము. 10 గంటల ప్రాంతమున గది విడువవలెను. ఒక రాత్రి బస, రెండు పూటల భోజనము కలిపియే లెక్క కట్టుదురు. దానికి తోడు స్నానపు పన్ను, సామాన్యముగా మనిషికి 150 యెన్లు. యజమానురాలు, సేవకులు వాకిట నిలిచి వంగి నమస్కరించి, బండి మలుపు తిరిగి కనుమరుగగు వరకు లోనికి పోరు.