కర్ణాకర్ణిగా వచ్చిన పాట

"కర్ణాకర్ణిగా వింటిని" అను పలుకుబడి మన భాషలో కలదు. ఒకరి చెవి నుండి మఱొకరి చెవికి ప్రాకి, మొదట చెప్పినవాడెవడో తెలియకుండ వచ్చిన వార్తను గూర్చి మనమీ మాట వాడుదుము. అమెరికా దేశస్థులు ఇదే యర్థమున "ద్రాక్షతీగ మీదుగా వింటిని" అందురు. ఆ పలుకుబడినే పల్లవిగా చేసికొని 1966వ సంవత్సరమున డిట్రాయిట్ నగరమందు ఒక పాట పుట్టెను. "ఐ హర్డ్ ఇట్ త్రూ ది గ్రేప్‌వైన్" అని దాని పేరు. శ్రోతలకు నేడు ఆ పాట చరిత్రను మనవి చేయదలచినాను.

ఆ పాట నాకును కర్ణాకర్ణిగానే వచ్చినది. యౌవనమున నొక మిత్రుని యింట క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అను రాక్ బృందమువారి రికార్డులో దానిని మొదటిసారి వింటిని. పదునొకండు నిమిషముల పాట. విన్నది మొదలు అది వారి సొంత రచనయేయని నమ్మి, అడిగినవారికిని అడుగనివారికిని అట్లే చెప్పుచు వచ్చితిని. కొన్నేండ్లకు ఒక సభలో పెద్దమనిషి యొకరు నన్ను ప్రక్కకు పిలిచి, "నాయనా, అది వారి పాట కాదు, మార్విన్ గేయ్ పాట, ఇకమీద చెప్పునప్పుడు చూచి చెప్పుము" అని మందలించిరి. సిగ్గుపడి విచారింపగా, ఆయన చెప్పినదియు సగమే నిజమని తేలెను. గేయ్ కంటె ముందు పాడినవారు కలరు; ఆయన పాట వెలువడకమునుపే పేరు తెచ్చుకొన్నవారును కలరు.

ముందుగా ఆ ద్రాక్షతీగ సంగతి కొంచెము చెప్పవలెను. 1844లో మోర్స్ తన తంతివార్తా యంత్రమును లోకమునకు చూపిన పిమ్మట అమెరికాలో ఊరూరను స్తంభములు లేచి తీగలు సాగెను. ఆ తీగల మీద రాక, నోటిమాటగా వచ్చు వదంతులను జనులు హాస్యముగా "ద్రాక్షతీగ తంతి" అనసాగిరి. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధ కాలమున సైనికుల శిబిరములందు ఈ మాట బాగుగా వ్యాపించెను. అయితే దీనికి గంభీరమైన యర్థము నిచ్చినవారు బానిసలు. బానిసగా పుట్టి మహావిద్యావేత్తయైన బుకర్ టి. వాషింగ్టన్ 1901లో ప్రకటించిన తన స్వీయచరిత్రలో ఈ సంగతి వ్రాసెను. తపాలా తెచ్చుటకై దొర పంపిన బానిస, ఉత్తరములు చేతికి వచ్చిన తరువాత గూడ అక్కడనే కొంతసేపు తచ్చాడుచు, తెల్లవారు మాటలాడుకొను యుద్ధవార్తలను చెవినొగ్గి వినెడివాడట. ఇంటికి వచ్చుచు దారిలో తనవారికవి చెప్పెడివాడట. అందుచేత దొరగారి మేడకంటె ముందుగా బానిసల గుడిసెలకే వార్త చేరుచుండెడిది! చదువుట నేర్వనీయని జనులకు చెవియే పుస్తకము. ఆ జనుల మనుమల మనుమలే ఈ పాట కట్టినవారు.

పాటకు ఊహ బారెట్ స్ట్రాంగ్ అనునాతనిది. ఇతడు 1941లో మిసిసిపి రాష్ట్రమున పుట్టి డిట్రాయిట్‌లో పెరిగెను. ఆ నగరమందే బెరీ గోర్డీ యనునొక నల్లజాతి యువకుడు, మోటారుకార్ల కర్మాగారమున కొంతకాలము కూలిపని చేసినవాడు, 1959లో తన కుటుంబమువారి వద్ద 800 డాలర్లు అప్పు దీసికొని రికార్డుల కంపెనీ పెట్టెను. అదియే తరువాత మోటౌన్ అని ప్రసిద్ధి గాంచినది. ఒక సామాన్యమైన యింటిలో వెనుకనున్న మోటారుశాలయే వారి ధ్వనిముద్రణ మందిరము. ఆ కంపెనీకి తొలుత ధనము తెచ్చిన పాట పేరును "మనీ", అనగా ధనమే. దానిని పాడినవాడు పదునెనిమిదేండ్ల బారెట్ స్ట్రాంగ్. 1963లో ఇంగ్లండు దేశపు బీటిల్స్ బృందమువారు దానిని మఱల పాడి తమ రెండవ సంపుటమున చేర్చిరి. ఈ "మనీ" మాట శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. మరల దానికడకు రావలసియున్నది.

స్ట్రాంగ్ కొంతకాలము చికాగో నగరమున నుండెను. అక్కడి మిచిగన్ వీథిలో నడచుచుండగా జనుల నోట ఈ ద్రాక్షతీగ మాట పలుమాఱులు వినబడినదనియు, దాని మీద ఎవరును పాట కట్టలేదేయని తోచినదనియు ఆయన తరువాత చెప్పెను. డిట్రాయిట్‌కు తిరిగివచ్చి నార్మన్ విట్‌ఫీల్డ్ అను సంగీతకర్తతో గూడి పాట పూర్తిచేసెను. ఇతివృత్తము చిన్నది. ఒకని ప్రియురాలు పాత ప్రియునికై అతనిని విడువనున్నది. ఆ మాట ఆమె నోట గాక లోకుల నోట అతని చెవిని పడినది. బాధ ఎడబాటునకు మాత్రమే కాదు. తన యింటి సంగతి తనకంటె ముందు ఊరికి తెలిసినందుకు. ఈ యవమానమెట్టిదో పల్లెటూళ్లలో కాపురమున్నవారికి నేను వివరింపనక్కఱలేదు.

మోటౌన్ కంపెనీలో వారమునకొకమాఱు పరీక్షాసభ జరుగుచుండెను. తయారైన పాటలు వినిపించి, ఏది బజారులోనికి పంపవలెనో నిర్ణయించుచుండిరి. "నీ జేబులో ఒక్క డాలరే యున్నది, ఆకలి వేయుచున్నది, ఈ రికార్డు కొందువా, రొట్టె కొందువా?" అని గోర్డీ అడుగుచుండెడివాడట. ఇంతకంటె కఠినమైన సాహిత్యవిమర్శ నేనెఱుగను. 1966 ఆగస్టులో మిరకిల్స్ అను బృందము చేత విట్‌ఫీల్డ్ ఈ పాట పాడించెను. గోర్డీ త్రోసివేసెను. 1967 ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వఱకు మార్విన్ గేయ్ చేత పాడించెను. గోర్డీ దానినిగూడ త్రోసివేసి, గేయ్ పాడిన మఱొక పాటను విడుదల చేసెను.

ఆ త్రోసివేయబడిన గేయ్ పాటయే లోకమునకు నేడు తెలిసినది గావున దానిని గూర్చి రెండు మాటలు. విట్‌ఫీల్డ్ పాటను గేయ్ కంఠమునకు అలవాటైన స్థాయికంటె పైకి బిగించెను. గాయకుడు కష్టపడి అందుకొనవలసిన శ్రుతి అది. ఇద్దరికిని దీనిపై వాగ్వాదము జరిగినదట. కాని ఫలమేమి? గొంతు పగులునో పగులదో యనునట్లు పైస్థాయిలో వణకు ఆ స్వరమే అనుమానముతో నిద్రలేని మనుష్యుని స్వరమైనది. విద్యుత్ పియానో మీద మెల్లగా ప్రారంభమగు మొదటి నాలుగు స్వరములు చీకటిలో ఎవరో గుసగుసలాడినట్లుండును. వెనుకనుండి స్త్రీల కంఠములు వంత పాడుచుండును. అది ఊరివారి మాట యనుకొన్నను తప్పులేదు. డిట్రాయిట్ సింఫనీ వాద్యబృందములోని వారు తంత్రీవాద్యములు వాయించిరి.

విట్‌ఫీల్డ్ పట్టు విడుచువాడు కాడు. ఆ 1967లోనే అరీథా ఫ్రాంక్లిన్ పాడిన "రెస్పెక్ట్" దేశమంతట మ్రోగుచుండెను. దానిని విని, తన పాటకును అట్టి వేగము నిచ్చి, గ్లాడిస్ నైట్ అను గాయని చేతను, ఆమె బృందమగు పిప్స్ చేతను పాడించెను. నైట్ చర్చి గానములో పెరిగిన మనిషి. ఆమె పాడినప్పుడు పాటలోని దుఃఖము పోయి కోపము వచ్చినది; లోకులు చెప్పినది విని కుమిలిపోక, నడుము బిగించి ముఖాముఖి నిలదీయు స్త్రీ కనబడును. 1967 సెప్టెంబరులో ఇది విడుదలయై దేశపు పట్టికలో రెండవ స్థానమునకెక్కెను. పాట చరిత్ర ఇంతటితో ముగిసినట్లే అందఱును తలచిరి.

కాని 1968 ఆగస్టులో గేయ్ పాటల సంపుటమొకటి వెలువడినప్పుడు, ఆ మూలబడిన ముద్రణను అందులో ఒక పాటగా చేర్చిరి. చికాగోలోని ఒక రేడియో కేంద్రమువారు దానిని ప్రసారము చేయగా, మఱల వినిపింపుడని శ్రోతలు టెలిఫోనుల మీద టెలిఫోనులు చేసిరి. రేడియో ఎదుట కూర్చుండి ఈ సంగతి చెప్పుటకు నాకు కొంత గర్వముగానున్నదని ఒప్పుకొనుచున్నాను. గోర్డీ దిగివచ్చి అక్టోబరు మాసాంతమున విడిగా విడుదల చేసెను. డిసెంబరులో అది ప్రథమస్థానమునకెక్కి ఏడు వారములు దిగలేదు. వ్యాపారులు తూచి తీసివేసినదానిని శ్రోతలే తిరిగి తెచ్చిరి.

గేయ్‌కు మాత్రము ఆ విజయము చేదుగానుండెను. అతనితో యుగళగీతములు పాడు టామీ టెరెల్ 1967 అక్టోబరులో రంగస్థలము మీదనే అతని చేతులలో సొమ్మసిల్లి పడిపోయెను. మెదడులో కంతి యని వైద్యులు చెప్పిరి. 1970 మార్చిలో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, ఆమె మరణించెను. ఆ కీర్తికి తాను తగినవాడనని తనకు తోచలేదని గేయ్ తరువాత చెప్పుకొనెను.

ఇక నా మిత్రుని యింటి రికార్డు. క్రీడెన్స్ బృందమువారు నలుగురు. నలుగురును కాలిఫోర్నియాలోని ఎల్ సెరీటో అను చిన్న పట్టణమునకు చెందిన తెల్లజాతి యువకులు. వారిలో ముఖ్యుడు జాన్ ఫోగర్టీ. దక్షిణ రాష్ట్రముల చిత్తడినేలలను గూర్చి వీరు పాడినంత బాగుగా అక్కడ పుట్టినవారును పాడలేదని ప్రతీతి. గోదావరి చూడనివాడు పడవపాట కట్టి పడవవారి చేతనే మెప్పు పొందినట్లు. వీరు 1970 జూలైలో "కాస్మోస్ ఫ్యాక్టరీ" అను సంపుటము వెలువరించిరి. అది తొమ్మిది వారములు అమెరికాలో ప్రథమస్థానమున నిలిచెను. అందులో ఇతరుల పాటలు నాలుగు కలవు. వానిలో మన పాట యొకటి.

గేయ్ పాట మూడు నిమిషముల పైచిల్లర. వీరిది పదునొకండు నిమిషములు. కొత్త చరణములు కట్టలేదు. ఉన్న సాహిత్యమునకు అందులో చిన్నభాగము చాలును. తక్కిన కాలమంతయు ఒకే తాళముపై డోలును, గిటారును సాగిపోవుచుండును. మన నాటకములలో కృష్ణవేషధారి నాలుగు పాదముల పద్యము చదివి, చివర రాగమెత్తుకొని పావుగంట దింపకుండుటయు, ప్రేక్షకులు "వన్స్ మోర్" అని కేకలు వేయుటయు ఎఱిగినవారికి ఇది వింత కాదు. కొందఱు విమర్శకులు దీనిని సాగదీత యందురు. నేను వారితో ఏకీభవింపను. గేయ్ పాటలో వదంతి ఒక్కమాఱు వచ్చి గుండెను తాకును. వీరి పాటలో అదే మాట వదలక రాత్రియంతయు తలలో తిరుగుచుండును. మాటలైపోయిన పిమ్మట గిటారు చేయు పని అదియే. అయితే ఒక్క మాట: గేయ్ గొంతులోని వణకు ఫోగర్టీ గొంతులో లేదు. అతడు గట్టిగా అరచును. గేయ్ లోలోన విఱిగిపోవును.

ఒకరి పాట మఱొకరు పాడుటకు అనుమతి యెట్లని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. అమెరికాలో 1909వ సంవత్సరపు శాసనమున నొక యేర్పాటు ఉండెను. రచయిత యొకమాఱు ఎవరికైనను రికార్డు చేయుట కనుమతించినచో, ఆ పిమ్మట ఎవరైనను ఆ పాటను రికార్డు చేయవచ్చును. ఆ కాలమున రికార్డునకు పాట యొక్కింటికి రెండు సెంట్లు చెల్లించిన చాలుచుండెను. 1970లోను ఆ రెండు సెంట్లే రేటు. మూడు నిమిషములైనను అంతే, పదునొకండు నిమిషములైనను అంతే! ఆ పైకము పాటను ముద్రించిన ప్రచురణకర్తకు చేరి, అతని మూలమున రచయితకు ముట్టును. ఇంతకుముందు పాడి దానికి ప్రాణము పోసిన గాయకునికి అందులో చిల్లిగవ్వయు రాదు. అనగా క్రీడెన్స్ రికార్డు లక్షలుగా అమ్ముడుపోయినప్పుడు స్ట్రాంగ్, విట్‌ఫీల్డ్‌లకు వచ్చినది కలదు. గేయ్‌కును, నైట్‌కును వచ్చినది లేదు.

కావున కాగితము మీద ఎవరి పేరున్నదన్నదే సర్వస్వము. ఇప్పుడు "మనీ" సంగతి వినుడు. 1959లో ఆ పాటను ప్రభుత్వ కార్యాలయమున నమోదు చేసినప్పుడు రచయితలలో స్ట్రాంగ్ పేరును కలదు. మూడేండ్లకు ఆ పేరు తీసివేయబడెను. 1987లో హక్కును పునరుద్ధరించునప్పుడు మఱల చేర్చబడెను. మఱుసటియేడు మఱల కొట్టివేయబడెను. ఈ సంగతి తనకు 2010 చివర వఱకు తెలియనే తెలియదని స్ట్రాంగ్ చెప్పెను. మొదట ఆ పేరు వ్రాయుటయే గుమాస్తా పొరపాటని కంపెనీ పక్షమువారు వాదించిరి. బీటిల్స్ మొదలుగా ఎందఱో పాడిన ఆ పాట వలన రచయితగా ఆయనకు దక్కినది లేదు. తన యింటి సంగతి తాను కడపట వినుట యను దుఃఖమును పాటగా కట్టినవానికే అది జరిగినది.

క్రీడెన్స్‌వారికిని ఇట్టి గతియే పట్టెను. బృందము 1972లో విడిపోయెను. ఫోగర్టీ పాటల హక్కులు కంపెనీవారి చేతిలో నుండెను. 1984లో అతడు వేఱుగా నొక కొత్త పాట పాడగా, అది "కాస్మోస్ ఫ్యాక్టరీ"లోని అతని పాటకే అనుకరణమని ఆ కంపెనీవారు దావా వేసిరి. తన పాటను తానే దొంగిలించెనను నేరము! అతడు గిటారు చేతబట్టి న్యాయస్థానమున సాక్ష్యమిచ్చి గెలిచెను. ఖర్చుల విషయము 1994లో అత్యున్నత న్యాయస్థానము వఱకు పోయి అచ్చటను అతని పక్షముననే తీర్పు వచ్చినది.

గేయ్ 1984లో కన్నతండ్రి చేతి తుపాకికి బలియయ్యెను. విట్‌ఫీల్డ్ 2008లోను, స్ట్రాంగ్ 2023 జనవరిలోను గతించిరి. పదునొకండు నిమిషముల ముద్రణను కుదించి 1976లో విడిగా అమ్మిరి. అది నలుబదిమూడవ స్థానము దాటలేదు. కుదించిన పిమ్మట అందులో మిగులునదేమి?

ఈ పాటను వినదలచినవారికి నాదొక సూచన. ముందుగా నైట్ పాడినది వినుడు, వెనువెంటనే గేయ్ పాడినది. క్రీడెన్స్‌వారిది మాత్రము మఱునాటికి ఉంచుకొని, పనులన్నియు తీరిన తరువాత, దీపము తగ్గించి వినుడు.